నేను చాలనలేదు

దయ్యాల సంగతి చెప్పేవాళ్ళను నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. నువ్వు చూశావా, చూసినవాళ్ళు చెప్తే విన్నావా? అప్పుడు టైమెంత? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని నేను. మధ్యలో మెట్టు వదిలేసి జవాబు రాస్తే ఎవరికీ మార్కులు వేయలేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం ఆ మధ్య మెట్టు నాకే దొరకడం లేదు.

మాది నంద్యాల. పోయిన చలికాలంలో నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. నా తల నేను దువ్వుకోలేకపోయాను. పక్కింటామె వచ్చి జడ వేసి పోయేది, రోజూ వంకరగా. ఆ వంకర జడతో బజారుకు పోవడం కంటే ఇంట్లో కూర్చోవడమే నయమనిపించేది.

అప్పుడు మాబున్ని దొరికింది. ఇళ్ళకు వచ్చి మర్దన చేసే మనిషి. ఆమె రాగానే ఒంటి మీద చెయ్యి వేయదు. ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తుంది. ఎట్లా పడుకుంటాము, ఏ చేత్తో బిందె ఎత్తుతాము, చన్నీళ్ళు పడతాయా లేదా, అన్నీ అడుగుతుంది.

"ఈ చెయ్యి బాగైతే ముందు ఏం పని చేస్తావు టీచరమ్మా?" అని అడిగింది నన్ను.

"నా కొప్పు నేను ముడుచుకుంటా" అన్నాను.

ఆ రోజు నుంచి నా మర్దనంతా ఆ కొప్పు కోసమే సాగింది. వీపు లేని స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చోవాలి. కళ్ళు మూసుకోవాలి. నొప్పి ఉన్న భుజం మీద ఆమె చెయ్యి, ఆమె చేతి మీద నా రెండో చెయ్యి. ఎక్కడ నొక్కాలో, ఎంత నొక్కాలో నా చేత్తో నేనే చూపించాలి. "నేనొక్కదాన్నే చేస్తే పిండి పిసికినట్లే. నువ్వూ చెయ్యాల" అనేది. ఇంకొక పద్ధతి కూడా ఉంది. మనం చాలు అనేదాకా ఆమె చెయ్యి తీయదు. తనంతట తాను ఎప్పుడూ తీసింది లేదు.

మా చెల్లెలు సరోజ ఆళ్ళగడ్డలో ఉంటుంది. వాళ్ళకు బట్టల దుకాణం. నన్ను చూడడానికి వచ్చి, మాబున్ని పని చూసి, తన ఎడమ భుజం కూడా పట్టేసిందని చెప్పింది. నా భుజం పట్టేసిన సంవత్సరమే దాని భుజమూ పట్టేయాలి. చిన్నప్పటి నుంచీ అంతే, నాకు కొత్త పరికిణీ కుడితే దానికి జ్వరం వచ్చేది. మాబున్ని నంబరు నా ఫోన్లోంచే తీసుకుంది. సోమవారం నాకు, గురువారం దానికి అని కుదిరింది.

తర్వాత మాబున్ని నోట దాని పేరే ఎక్కువ వినబడసాగింది. "మీ చెల్లెలు చెయ్యి బాగా మాట కలుపుతాది. నువ్వు బిగబట్టుకుంటాండావ్." నాకు ఆముదం, దానికి నువ్వుల నూనె అని కూడా తెలిసింది. ఎందుకని అడిగాను.

"ఎవరి ఒళ్ళు వాళ్ళదిమ్మా. ఆమెకు ఆముదం పడదు" అంది.

సమాధానం సరైనదే. అయినా నాకు మింగుడుపడలేదు.

ఒక గురువారం పొద్దున మాబున్నికి ఫోన్ చేసి, నొప్పి ఎక్కువైంది, ఆళ్ళగడ్డ బస్సు ఎక్కే ముందు వచ్చి పొమ్మన్నాను. నొప్పి నిజమే. భోజనాల తర్వాత వచ్చింది. "బేగా చూసి పోతా. ఆడ సరోజమ్మ కాసుకోనుంటాది" అంది.

ఆమె ఆ మాట అనకుండా ఉండవలసింది. నేను కళ్ళు మూసుకుని, ఆమె చేతి మీద నా చెయ్యి పెట్టాను. మామూలుగా అరగంటలో చాలంటాను. ఆ రోజు అనలేదు. ఒక బస్సు పోయి ఉంటుంది, రెండోదీ పోయి ఉంటుంది. మాబున్ని చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంది. నాకు హాయిగా ఉంది, భుజంలో కాదు, మనసులో.

ఉన్నట్టుండి ఆమె చెయ్యి తీసేసింది.

"నేను చాలనలేదే" అన్నాను.

"అంటివి కదమ్మా ఇప్పుడే. ఇనపడె."

అనలేదు. నా నోరు నాకు తెలుసు. గోడ గడియారం చూశాను, మూడున్నర. ఆమె వంటింట్లో చేతులు కడుక్కుంటూ ఉండగా నా ఫోన్ మోగింది. సరోజ.

"అక్కా, మాబున్ని ఏంది, టీ గూడా తాగకుండా పాయ? చాలు అని కండ్లు తెరిసేలోగా లేదు."

వంటింట్లో కుళాయి శబ్దం వినిపిస్తూనే ఉంది.

సరోజ తన ధోరణిలో చెప్తూ పోయింది. ఇంట్లో ఒక్కతే ఉందట. తలుపు దగ్గరగా వేసి, స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుందట. భుజం మీద చెయ్యి పడిందట. "ఇయ్యాల ఎవర్నన్నా పిల్చకొచ్చిందా? ఆమె చేతి మింద ఇంగో చెయ్యి ఉండె. అడుగు చెయ్యి మెత్తగా పనిచేస్తాంటే, పైచెయ్యి ఊరికే ఒత్తుతాండె, కోపమొచ్చినట్ల. ఉంగరం గూడా గుచ్చుకుంటాండె."

పనిలో ఉన్నప్పుడు మాబున్ని ఉంగరాలు, గాజులు పెట్టుకోదు. నా ఎడమ చేతికి ఉంగరం ఉంది.

మరుసటి ఆదివారం నేనే ఆళ్ళగడ్డ వెళ్ళాను. సరోజ ఇంటి ఎదురుగా రాతి విగ్రహాలు చెక్కే చోటు ఉంది. గురువారం మధ్యాహ్నం అక్కడ పనిచేసినవాళ్ళను అడిగాను. ఆ గుమ్మంలోకి ఎవరూ పోలేదన్నారు. "కుక్క గూడా పోలేదు పెద్దమ్మా" అన్నాడొకాయన. మాబున్నిని అడిగితే, "నేను నీ కాడనే ఉంటి గదా" అని నా ముఖం వైపే వింతగా చూసింది.

సరోజ ఆ ఆదివారమే రెండు చేతులూ ఎత్తి, పై అరలోంచి చీరల కట్ట దించి నాకు చూపించింది. నన్ను ఒక చీర తీసుకోమంది. తీసుకోలేదు.

భుజాలు కొన్నిసార్లు వాటంతటవే వదులవుతాయని డాక్టరు అన్నాడు. కావచ్చు. మరి నా భుజం ఎందుకు వదులు కాలేదని అడిగితే, వయసన్నాడు. సరోజ నాకంటే రెండేళ్ళే చిన్న.

ఇప్పుడు దానికి మాబున్నితో పని లేదు. సోమవారం, గురువారం రెండూ నావే. నా చెయ్యి ఇంకా చెవి కిందే ఆగిపోతోంది.

ఇది దయ్యమని నేను అనను. మరేమిటని అడిగితే చెప్పలేను. ఎన్నిసార్లు మొదటి నుంచి వేసి చూసినా లెక్క తెగలేదు. ఒక్క మాట మాత్రం ఎవరు అడిగినా చెప్తాను. ఆ మధ్యాహ్నం మాబున్ని నా దగ్గర ఉంది. నా దగ్గరే ఉంది.