నేను పుట్టించిన పూనకం

నా చిన్నప్పుడు, సద్దుల బతుకమ్మకు ముందురోజు మధ్యాహ్నం, సుబేదారిలోని మా ఇంటి ముందు రెండొందల మంది జమయ్యారు. సరే, రెండొందలు కాదు. నా నోట్లో పడితే అంకెలు కాస్త పొంగుతాయి. పదిహేను మంది ఉంటారు. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు గుమ్మం ముందు పదిహేను మంది ఆడవాళ్లంటే జాతరే కదా.

నాన్నది డోర్నకల్‌లో రైల్వే కొలువు, వారానికోసారి వచ్చేవాడు. అమ్మ ఇంట్లోనే మిషన్ కుట్టేది. ఏడాదంతా నిదానంగా నడిచే ఆ మిషన్‌కు బతుకమ్మ వచ్చిందంటే పిచ్చిలేసేది. అమ్మకు కాదనడం రాదు. ఎవరొచ్చి జాకెట్ గుడ్డ చేతిలో పెట్టినా "ఇస్త తియ్" అనేది. ఆ ఏడు, తెల్లారితే పండుగనగా, మంచం మీద ఇంకా ఇరవై రెండు జాకెట్లున్నాయి. అమ్మ చేతులు వణకడం నేను మొదటిసారి చూశాను. సూదిలోకి దారం ఎక్కదు. కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. గుండె దడగా ఉందంటూ గోడకు ఆనుకుంది. అమ్మకేమన్నా అయితే నాన్నకు కబురు ఎట్లా పంపాలి, దవాఖానకు ఎవరు తీసుకుపోతారు అని నాలో నేనే గింజుకుంటున్నాను.

అప్పుడే తన జాకెట్ కోసం పక్కింటి అక్క వచ్చింది. కాలేజీలో యోగా నేర్చుకునేది, డాబా మీద చేస్తుంటే గల్లీ అంతా నవ్వేది. అమ్మను చూసి జాకెట్ ఊసే ఎత్తలేదు. మిషన్ మీద దుప్పటి కప్పేసి, "చిన్నమ్మా, పావుగంట కూసో. పండుగ ఏడికి పోదు" అంది. నన్ను బయట నిలబెట్టి, "ఎవ్వరినీ రానియ్యకు. ఏదో ఒకటి చెప్పు, నీకు నేర్పాల్నా?" అని తలుపు వేసింది.

ముందుగా మూలమీది ఇంటి పెద్దమ్మ వచ్చింది. "మీ అమ్మ ఏదే?" నిద్రపోతోందని చెప్పొచ్చు. అంత చిన్న అబద్ధం నాకు నచ్చలేదు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి మ్మ్... మ్మ్... అని మూలుగు లాంటి చప్పుడు మొదలైంది. అది భ్రామరి అని, చెవులు మూసుకుని తుమ్మెదలా ఊపిరి వదలడమని నాకు తర్వాత తెలిసింది. "అమ్మకు పూనకమొచ్చింది" అనేశాను.

పెద్దమ్మ వెనక్కి తగ్గి దండం పెట్టింది. కాసేపట్లో పసుపునీళ్ల చెంబులు, వేపకొమ్మలు, కొబ్బరికాయలు వచ్చేశాయి. ఒకామె తన బిడ్డ పెళ్లెప్పుడో అడగాలంది. తలుపు తెరిస్తే పండుగ పూట అమ్మవారి పేరు మీద నేనాడిన అబద్ధం అమ్మ నెత్తిన పడుతుంది. ఆ చప్పుడు ఆగకూడదని మొక్కుకున్నాను.

ఆగింది. తలుపు తెరుచుకుంది.

అమ్మ వేపకొమ్మలను చూసింది, నన్ను చూసింది. వెనకాల అక్క చున్నీ నోట్లో కుక్కుకుంది. "ఏం సెలవిస్తవు తల్లీ?" అని ఎవరో అడిగారు. జాకెట్లకు వచ్చే వారం రమ్మని అమ్మవారి నోట వస్తే ఎవరు కాదంటారు? ఆ దారి నాకే కనిపించింది, అమ్మకు కనిపించదా? అమ్మ ఒక్క నిండు ఊపిరి తీసుకుంది.

"నా మీదికి ఎవ్వరు రాలే. చేతులు వణుకుతానయ్. గిన్ని జాకెట్లు నాతోని కాదు."

పెద్దమ్మ వేపకొమ్మ పక్కన పెట్టి, "గా ముక్క మొన్ననే చెప్పరాదె! హుక్కులు మేం కుట్టుకోమా? సూది తే" అని అరుగు మీద చతికిలబడింది. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. "నువ్వు కుట్టిన హుక్కులు రేపు బతుకమ్మ చుట్టూ రెండు చుట్లు తిరిగేసరికి ఊడతయ్" అని ఒకరినొకరు ఎక్కిరించుకున్నారు. అయినా నాలుగు జాకెట్లు మిగిలిపోయాయి. పెళ్లి సంగతి అడగాలనుకున్నామె మాత్రం దీపావళి దాకా మాతో మాట్లాడలేదు.

అందరూ వెళ్లాక అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆ చెయ్యి వణకలేదు.

ఇప్పుడు నా ఇంట్లోనూ దసరా వస్తే ఊపిరాడదు. పావుగంట తలుపేసుకుని కూర్చుంటాను. కళ్లు మూసుకుని ఊపిరి కుదుర్చుకోవడం నాకు ఎప్పుడో వచ్చేసింది. కళ్లు తెరిచాక "నాతోని కాదు" అని చెప్పబోతేనే ఇప్పటికీ ముందు ఏదో ఒక సాకు నోటికొస్తుంది. నూరు కథలు అల్లగలిగే నోరు నాది. ఆ ఒక్క మాటకు మాత్రం ఏ కథా తొడగకుండా, ఉన్నదున్నట్టు చెబుతాను.