నల్ల కోటు మీద నీళ్ల దయ్యం

పంజాగుట్ట మెట్రో స్తంభం మీద పిల్లలు బొమ్మలు వేస్తుంటే మా నాయిన గుర్తొచ్చాడు. అమీర్‌పేటలో టైలరు ఆయన. నా చిన్నప్పుడు చెల్లికి విరేచనాలు పట్టుకున్నా నాయనమ్మ నీళ్లు కాచనిచ్చేది కాదు.

"కాగవెడితే సప్పగుంటయి కొడకా!"

నాయిన ఓ పెద్దమనిషికి కుట్టబోయే నల్ల కోటు గుడ్డ పరిచి, సుద్దతో నీళ్లకుండనూ, అందులో కోరల దయ్యాన్నీ గీశాడు. చెల్లి కడుపులో చేరింది ఈ దయ్యమేనని కథ చెబుతూ కుండ కింద మంట గీసి, దయ్యాన్ని అరచేత్తో దులిపేశాడు.

చూడటానికి అమీర్‌పేటంతా కదిలొచ్చింది. సరే, కోతలు ఆపుతాను; ఉన్నది నాయనమ్మా, నేనూ. రాలిన సుద్దపొడి దయ్యమే అనుకుని నేను బల్లెక్కేశాను.

"పొయ్యి ముట్టియ్యిరా, గా దయ్యాన్ని నేనే ఉడకవెడ్త!" అంది నాయనమ్మ.

చెల్లి కోలుకుంది. అంతటి కథకుడు మా నాయిన. ఆ కోటు తొడుక్కున్న పెద్దమనిషికి మాత్రం తెలియదు, మా ఇంటి దయ్యం తన వీపు మీదే ఉడికిందని.