పదకొండు వరుసలు

ఆస్పత్రిలో అందరూ ఆమెను రికార్డులక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా, వచ్చిన ప్రతి గాయాన్నీ కంప్యూటరులో పెద్ద పట్టికకు ఎక్కించడమే ఆమె పని. పొద్దున్నే కూర్చోగానే, ఈ రోజు వరుసలు తక్కువ పడేలా చూడు స్వామీ అని దణ్ణం పెట్టుకుంటుంది.

ఆ రోజు దర్జీ పని చేసే అమ్మాయి విరిగిన మణికట్టుతో వచ్చింది. ఎప్పటిలాగే మొగుడు పక్కనే నిలబడి, మెట్ల మీంచి జారిందని రాయించాడు. అతను మందులకు వెళ్లాక ఆ పిల్ల మెల్లగా అంది: "మాది ఒంటి గది ఇల్లక్కా. మెట్లెక్కడివి?"

రికార్డులక్క తన చేతుల వంక చూసుకుంది. ఇన్నాళ్లూ ఆ అబద్ధాన్ని టైపు చేసిన వేళ్లు తనవే. ఆ పిల్ల పేరుతో పెద్ద పట్టికంతా వెతికింది. తెగిన చెవి, కాలిన వీపు, రెండుసార్లు పక్కటెముకలు... పదకొండు వరుసలు తేలాయి. వెతికి తెచ్చిన ఆ ఫలితం తెర మూస్తే పోతుంది. అందుకని దాన్నే కొత్త పట్టికగా కట్టి దాచమని కంప్యూటరుకు ఒక్క వాక్యంలో ఆజ్ఞ రాసింది. పోలీసులకు కబురంపింది.

కబురు ఎలా పొక్కిందో, మర్నాడు పోలీసుల కంటే ముందు మొగుడే ఇనుప కడ్డీతో ఆస్పత్రికి వచ్చాడు. జుట్టు పట్టుకుని రికార్డులక్క ముఖాన్ని బల్లకేసి బాదాడు. పన్ను ఊడి కీబోర్డు మీద పడింది.

"తుడిచెయ్. నా కళ్లముందే తుడిచెయ్."

మెడకు కడ్డీ ఆనించి ఉండగా ఆమె పెద్ద పట్టికలోంచి పదకొండు వరుసలూ తీసేసింది. మళ్లీ వెతికించాడు. ఒక్కటీ రాలేదు. పోతూ పోతూ, ఇంకోసారి మా ఇంటి సంగతి రాయకుండా అని, ఆమె కుడిచేతి వేళ్లు చితక్కొట్టాడు.

ఊడ్చే ఆయమ్మ పరుగున వచ్చి, తన కొంగు తడిపి నెత్తురు తుడిచింది. ప్రాణం మీదికొస్తే ఎవరైనా తుడిచేస్తారు, బాధపడకు తల్లీ అని ఓదార్చింది. రికార్డులక్క ఎడమచేత్తో కొత్త పట్టిక తెరిచింది. పదకొండు వరుసలూ చెక్కుచెదరలేదు.

"అసలు దాంట్లో పోయినా దీంట్లో పోవు," అంది వాచిన పెదాలతో. "ఇది నకలు. నీడ కాదు."

ఆ వరుసలు అచ్చు తీసిన కాగితాలు పట్టుకునే పోలీసులు అతన్ని వెతికి పట్టుకున్నారు. అతను లొంగకుండా ఒక కానిస్టేబులు ముక్కు పగలగొట్టాడట. నలుగురు కలిసి నేలకేసి అదిమారు.

సాయంత్రం దర్జీ పిల్ల వార్డుకు వచ్చి, బాగున్న చేత్తో చెంచాతో రికార్డులక్కకు పాలు తాగించింది.

"బాగా నొప్పిగా ఉందా అక్కా?"

"నీకున్నంత కాదులే," అంది రికార్డులక్క, నోరు తెరుస్తూ.