తథాస్తు అన్నది మా ఆయనే

ఆ సినిమా తీసినవాడు నాకెప్పుడైనా ఎదురుపడితే ఊరికే వదలను. ముందు కడుపునిండా అన్నం పెడతాను, ఇంటికొచ్చిన మనిషిని పస్తుంచే అలవాటు మాకు లేదు కాబట్టి. ఆ తర్వాత అడుగుతాను: నాయనా, కోరికలు తీర్చే భూతాన్ని పుట్టించావు, బాగానే ఉంది. ఆఖర్న దాన్ని సరిగా చంపి పంపించడానికి నీకేం రోగమొచ్చింది?

మాది అశ్వారావుపేట పక్కన పల్లె. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే పామాయిల్ తోటలు, తోటలు దాటితే అడవి. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన తోటల్లో గెలలు కోసే ముఠాలో ఉండేవాడు. పొడుగాటి అల్యూమినియం గడ, దాని కొసకు కొడవలి. మెడ వెనక్కి వాల్చి, ఆకాశంలోకి చూస్తూ కొయ్యాలి. తెల్లారకముందే ట్రాక్టర్ ఎక్కితే మళ్లీ ఏ పొద్దుకు వస్తాడో ఆయనకే తెలిసేది కాదు. రెండో తరగతి చదివే మా పాపకు తండ్రి కళ్లారా కనపడేది ఆదివారాలే. ఆ రోజు ఆయన భుజం దిగేది కాదు.

అట్లాంటి ఒక ఆదివారం ముసురు పట్టింది. టీవీలో ఏదో భాష నుంచి తెలుగులోకి తెచ్చిన దయ్యం సినిమా వేశాడు. పాత బంగళాలో అత్తరు సీసా దొరుకుతుంది, మూత తీస్తే పొగలాగా భూతం లేస్తుంది. ఎవరేం కోరితే అది ఇస్తుంది. ఇవ్వడమైతే ఇస్తుంది కానీ ఆ ఇచ్చే తీరే వేరు. నిద్ర పట్టడం లేదన్న ఆమెను మళ్లీ లేవకుండా నిద్రపుచ్చింది. ఒంటరిగా ఉండలేనన్న ముసలాయనకు ఇంటినిండా చచ్చినవాళ్లను తెచ్చి కూర్చోబెట్టింది. మా అత్తమ్మ "నాకెందుకే ఈ దయ్యాలు" అని గోడవైపు తిరిగి కూర్చుని, భయమైన చోటల్లా ఇటు తిరిగి చూసింది. సరిగ్గా ఆఖరి కొట్లాట దగ్గర కరెంటు పోయింది.

పాప ఒకటే గోల. "గప్పుడేమైంది నాన్నా? భూతం సచ్చిందా?"

సాయంత్రమైనా కరెంటు రాలేదు. పిల్ల ఊరుకోదు. మా ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని, గొంతు లావు చేసి, "నేనే ఆ భూతాన్ని. సీసా వగిలింది. కోరుకో బిడ్డా, ఏం గావాలె?" అన్నాడు.

బొమ్మ అడుగుతుందనుకున్నాను, బజ్జీలు అడుగుతుందనుకున్నాను. అది చాలాసేపు ఆలోచించి, "మా నాన్న పనికి పోవద్దు. రోజూ ఇంట్లనే ఉండాలె" అంది.

"తథాస్తు!" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఓరి నీ నోట్ల మన్నువడ! సందెయాల గదేం మాటరా? తథాస్తు దేవతలు దిరిగే యాల! నువ్వు నోరు ముయ్యవే పిల్లా!"

ఆ దేవతల సంగతి తెలియని ఇల్లు మా వైపు లేదు. సందెవేళ వాళ్లు ఇళ్ల మీదుగా పోతూ ఉంటారట, కింద ఎవరేమన్నా "అట్లనే కానీ" అంటారట. మంచీ చెడూ చూడరు. అందుకే ఆ వేళ ఇంట్లో బియ్యం అయిపోయినా అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. అదంతా నాకూ తెలుసు. అయినా నవ్వాను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ వారంలోనే జరిగింది. మిట్టమధ్యాహ్నం గెల తెగింది, గడ పక్కకు వాలింది, తోట మీదుగా పోయే కరెంటు తీగకు తగిలింది. ముఠావాళ్లు కారు మాట్లాడుకుని ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు. మనిషి దక్కాడు. కుడి చెయ్యి మోచేతి కిందికి తీసేశారు.

ఆస్పత్రి రోజుల గురించి రాయను. రాస్తే మళ్లీ ఆ ఫినాయిల్ వాసన వస్తుంది.

ఆయన్ను ఇంటికి తెచ్చిన రోజు గురించి మాత్రం రాయాలి. అత్తమ్మ ఆటోను గేటు దగ్గరే ఆపించి దిష్టి తీసింది. చేతిలో రాళ్ల ఉప్పు, ఎండు మిరపకాయలు, చీపురు పుల్లలు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంటోళ్ల దిష్టి, నోటి దిష్టి" అంటూ కొడుకు చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. మిరపకాయలు కాలితే ఘాటు రావాలి, అందరూ దగ్గాలి. ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలినట్టు లెక్క. ఆ రోజు ఒక్కరూ దగ్గలేదు. ఎట్లా దగ్గుతారు? ముసురుకు బొగ్గుల మీద బూడిద కట్టింది, మిరపకాయలు మెత్తబడి ఉన్నాయి. నేను చెప్పబోయాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అప్పటికే "అమ్మో, గింత దిష్టా!" అని బుగ్గలు నొక్కుకుంటున్నారు.

"బయటోళ్లది గాదమ్మా. ఇంట్ల నోరే తగిలింది" అంది అత్తమ్మ.

అది నన్నే అన్నది. నా నోరు పెద్దదని ఊరందరికీ తెలుసు, పని నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా మా ఆయన్ను నేను కడిగేసేదాన్నని ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఒళ్లు మండిపోయి నేనూ నాలుగు అన్నాను. చెయ్యి పోయిన మనిషిని ఆటోలోనే కూర్చోబెట్టి అత్తా కోడళ్లం తగువు పడ్డాం. తలుపు వెనక నిలబడ్డ పాపను ఇద్దరం చూడలేదు.

ఆ రోజు నుంచి అది మాట్లాడటం మానేసింది.

మొదట అలిగిందనుకున్నాం. తర్వాత తండ్రి చెయ్యి చూసి జడుసుకుందనుకున్నాం. బడిలో మాట్లాడదు, ఆటల్లో మాట్లాడదు, దెబ్బ తగిలితే ఏడుపు కూడా గొంతు దాటి రాదు. తండ్రి ఉన్న గదిలోకే పోదు. దవాఖానాలో డాక్టర్ టార్చి వేసి చూసి "గొంతు మంచిగనే ఉందమ్మా" అన్నాడు. దర్గా దగ్గర తాయెత్తు కట్టించాను. భద్రాచలం తీసుకుపోయి గోదావరిలో ముంచి తెచ్చాను. తలలోంచి నీళ్లు కారుతూ నా మొహంలోకి చూసిందే కానీ "చలి" అనలేదు. పొద్దంతా నా కేంద్రంలో ఊళ్లో పిల్లలు చిలకమ్మా కాకమ్మా అని చెవులు చిల్లులు పడేట్టు అరుస్తారు. ఇంటికొస్తే నా కడుపున పుట్టింది మూగది. ఒకరోజు దాని రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాను. "ఒక్క మాట అనవే! నన్ను తిట్టు, పరవాలేదు, ఏదో ఒకటి అను!" అని అరిచాను. పెదాలు ఇంకా గట్టిగా బిగించింది. ఆయన చెయ్యి పోయినప్పుడు కూడా నేనంత భయపడలేదు. చెయ్యి లేకుండా బతికేవాళ్లను చూశాను. ఈ పిల్ల ఇట్లనే ఉండిపోతే నేను బతకగలనా అనిపించింది.

అసలు సంగతి బోరింగు దగ్గర తెలిసింది. పక్కింటి ముసలామె బిందె దించి, పాప గడ్డం పట్టుకుని, ప్రేమగానే అంది. "మా నాన్నకు జల్దీ మంచిగ గావాలెనని దేవుణ్ణి కోరుకో బిడ్డా. చిన్నపిల్లలు గోరుకుంటే అయితది."

పాప రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తల అటూ ఇటూ గట్టిగా ఊపి, వెనక్కి వెనక్కి నడిచి, ఇంట్లోకి పరుగెత్తింది.

ఆ ముసురు రోజు అది కోరిన కోరిక అప్పుడు గుర్తొచ్చింది. రోజూ ఇంట్లనే ఉండాలె. ఉన్నాడు కదా. మంచం మీద, గోడవైపు తిరిగి, రోజూ ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో నోరు తగిలిందని నానమ్మ అంది కదా. ఆ నోరు తనదే అనుకుంది నా బిడ్డ. ఇంకో మాట అంటే ఇంకేం జరుగుతుందోనని మూసేసుకుంది.

మా ఆయనకు చెప్పాను. గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత, "తథాస్తు అన్నది నేను గదనే. దానికేం దెలుసు" అన్నాడు. కళ్లు తుడుచుకోబోయి, లేని చెయ్యి ఎత్తాడు.

ఉపాయం నాదే. సినిమా ఆఖరు చూడలేదు కదా, అందుకే భూతం ఇంకా తిరుగుతోందని దాని భయం. అది చావడం కళ్లారా చూస్తే సరి! ఫోన్‌లో వెతికి పట్టుకున్నాను. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆయన్ను లేపి పక్కన కూర్చోబెట్టి పెట్టాను. భూతాన్ని సీసాలోకి పంపారు. మూత బిగించారు. బావిలో వేశారు. అందరూ ఒకరినొకరు కావలించుకున్నారు. "చూసినవా, పోయింది పీడ!" అని నేను చప్పట్లు కూడా కొట్టాను. పాప ఒళ్లు నా ఒళ్లో కొంచెం వదులైంది. అప్పుడు తెర నల్లబడి, మళ్లీ వెలిగింది. బావి అడుగున నీళ్లు. సీసా. మూత దానంతట అదే మెల్లగా తిరిగింది.

రెండో భాగం తీయాలట ఆ సినిమా తీసినవాడికి! వాడి రెండో భాగం తగలబడ. పాప నా ఒళ్లోంచి జారి మంచం కిందికి దూరింది. అన్నం కంచం అక్కడికే తోశాను, ముట్టలేదు. మర్నాడూ అంతే. మంచినీళ్లు తప్ప లోపలికి ఏమీ పోలేదు. అత్తమ్మ కూడా నోరు మూసుకుని, ఆ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది.

ఆ మర్నాటి సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మా ఆయన లేచి తలుపు తెరిచి గడపలో నిలబడ్డాడు. ఆకాశంలోకి చూసి, తోటలో అవతలి మనిషిని కేకేసినట్టు గొంతెత్తాడు.

"ఓ తథాస్తు దేవతల్లారా! ఓ సీసా భూతమా! ఇనుండ్రి! మా అమ్మ నోరు ఈ నిమిషమే వడిపోవాలె!"

అత్తమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చీపురు అందుకుంది. "ఏందిరో! కన్నతల్లి నోరు వడాలెనారా నీకు? పాలిచ్చి పెంచితిని, జ్వరమొస్తే అడవిల వడి నడిసి దవాఖానాకు మోసుకపోతిని, నా నోరేం జేసిందిరా నిన్ను!" అని మొదలుపెట్టి, ఆయన పెళ్లి, నా వంట, పోయిన మామయ్య తాగుడు, ఒక్కటీ వదల్లేదు. వీధిలో జనం పోగయ్యారు.

మా ఆయన మంచం కిందికి వంగి, "ఏమైంది బిడ్డా? వడిపోయిందా నోరు?" అన్నాడు.

చీకట్లో రెండు కళ్లు మెరిశాయి. ముక్కుతో నవ్వినట్టు చిన్న చప్పుడొచ్చింది.

ఆయనకు హుషారొచ్చింది. "మా గేదె ఎగరాలె! మీ అమ్మ పప్పుల ఉప్పు సక్కగ వడాలె!" అని అరిచాడు. అదే ఊపులో, "నా చెయ్యి నాకు రావాలె!" అన్నాడు.

నవ్వించడానికే అన్నాడు. కానీ గొంతు మధ్యలో తెగింది. అత్తమ్మ తిట్లు ఆగిపోయాయి. చొక్కా చెయ్యి ఖాళీగానే వేలాడుతోంది. ఆయన మంచం పక్కన నేల మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన అట్లా ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మంచం కింద నుంచి పాప పాక్కుంటూ వచ్చింది. ఆ ఖాళీ చొక్కా చేతిని పిడికిట్లో పట్టుకుంది. బొంగురుపోయిన గొంతుతో, గుసగుసగా అంది.

"నాన్నా, నువ్వు పనికి పో."

ఆ మాట కోసం మొక్కని దేవుడు లేడు. తీరా వచ్చింది ఈ మాట. తను అడిగింది తనే వెనక్కి తీసుకుంటోంది, నా తల్లి.

"పోత బిడ్డా. రేపే పోత" అన్నాడాయన.

ఒంటి చేతి మనిషికి గెలల కోతలో ఏం పని ఉంటుంది? అయినా తెల్లారి లేచాడు. చొక్కా గుండీలు నేను పెట్టాను. టిఫిన్ డబ్బాలో అన్నం, మామిడికాయ పచ్చడి సర్ది ఎడమ చేతికిచ్చాను. గేటు దాటి, రోడ్డు పట్టుకుని, మలుపు తిరిగేదాకా పాప చూస్తూ నిలబడింది. మలుపు అవతల బస్సులు ఆగే షెడ్డు ఉంది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, అన్నం అక్కడే తిని వచ్చాడు. మర్నాడూ పోయాడు. ఆ మర్నాడూ పోయాడు. వానకూ ఎండకూ పోయాడు. ఊళ్లో తెలియనివాళ్లు లేరు, పాపకు చెప్పినవాళ్లూ లేరు. అది నాతో ఒకటీ అరా మాటలు ఆడుతోంది. "ఆకలి" అంటుంది, "నీళ్లు" అంటుంది. ఇది కావాలి, అది కావాలి అని మాత్రం అనదు.

ఒక పొద్దున ఆయన గేటు దాటాక, వెనకనుంచి, "సాయంత్రం జల్దీ రా నాన్నా" అంది. అని, ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన వెనక్కి వచ్చాడు. "ఏ యాలకు రావాలె?"

చెయ్యి తీయకుండానే, వేళ్ల సందుల్లోంచి, "గేదెలొచ్చే యాలకు" అంది.

"అవ్, సరే" అని పోయాడు.

ఆ రోజు కేంద్రంలో పిల్లలకు ఏం చెప్పానో గుర్తులేదు. సాయంత్రం గేదెలొచ్చాయి. ఆయన రాలేదు. పాలు పిండటం అయింది. రాలేదు. పాప గేటు ఊచలు పట్టుకుని కదలడం లేదు. రోడ్డు మీద ఏ లారీ హారన్ కొట్టినా నా ప్రాణం పోతోంది. దేవుడా, ఈ ఒక్క పూట, ఈ ఒక్క పూట మనిషిని క్షేమంగా తీసుకురా, దీని నోరు మళ్లీ మూయించకు అని గడపకు తల ఆనించి మొక్కుకున్నాను. సందెవేళ అయిందని తెలిసీ పైకే మొక్కుకున్నాను.

మసక చీకట్లో డబ్బా ఊపుకుంటూ, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు.

పాప ఎదురుగా ఉరికింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంది నాన్నా! గేదెలొచ్చి ఎంతసేపైంది! పాలు పిండుడు గూడ అయిపాయె! నేనేం జెప్పిన పొద్దుగాల? నా మాటంటే లెక్కలేదా నీకు?"

"అచ్చం తల్లి నోరే" అంది లోపల్నుంచి అత్తమ్మ.

"నీ మాట నెగ్గలే బిడ్డా, ఏం జేయాలె. ట్రాక్టర్ దొరకలే" అన్నాడాయన.

మలుపు దగ్గరి షెడ్డు నుంచి మా ఇంటికి ట్రాక్టర్ ఎందుకో నేను అడగలేదు. కాళ్లకు నీళ్లిచ్చి కంచం పెట్టాను. ఆయన ఎడమ చేతికి ఇంకా కలపడం రాలేదు, నేనే కలిపి ముద్దలు పెట్టాను. పాప పక్కన కూర్చుని, కంచం ఖాళీ అయ్యేదాకా ఆయన్ను తిడుతూనే ఉంది.