మా అత్తయ్యగారి సాక్ష్యం

బంటుమిల్లిలో మా చర్చికి ఆదివారం వెళ్తే నాకు ఒళ్ళు మండేది సాక్ష్యాల దగ్గరే. పాటలూ వాక్యమూ అయ్యాక, ప్రార్థన ఫలించినవాళ్ళు ఒక్కొక్కరే లేచి దేవుడు చేసిన మేలు చెప్తారు. ఒకరికి మోకాలి నొప్పి తగ్గింది, ఒకరి అబ్బాయికి బందరులో ఉద్యోగం వచ్చింది, ఇంకొకరి రొయ్యల చెరువు తెగులు తగలకుండా గట్టెక్కింది. చాపల మీద కూర్చున్న మేమంతా స్తోత్రం అంటాం. నేనేమో పదేళ్ళు బిడ్డ కోసం అడిగి అడిగి మానేసినదాన్ని. నాకు లేచే పనే పడలేదు.

"పాసైనవాళ్ళనే అడుగుతారేంటండీ అత్తయ్యగారూ? ఫెయిలైనవాళ్ళ మాటేంటి?" అని ఇంటికొచ్చే దారిలో ఎత్తిపొడిచేదాన్ని.

"ఊరుకోవే, నీ నోరూ నువ్వూను," అనేవారావిడ నవ్వుతూ.

ఆవిడ ప్రార్థనకు వేళాపాళా లేదు. బియ్యం ఏరుతూ, చేపలు తోముతూ, పక్కింటావిడతో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేవారు. వీధిలో ఎవరి జబ్బూ, ఎవరి పరీక్షా వదిలేవారు కాదు. నేను మానేశాక కూడా నా కోసం అడగడం ఆవిడ మానలేదు. పైకి విసుక్కునేదాన్ని గానీ, వంటింట్లోంచి నా పేరు వినపడితే కాసేపు గుమ్మం దగ్గరే ఆగిపోయేదాన్ని.

మావయ్యగారిని గుడివాడ ఆసుపత్రిలో చేర్చినప్పుడు సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. ఆ ఆదివారం అత్తయ్యగారు లేచి, "ఆయన ఇంటికొచ్చేస్తారు. ఇక్కడే నిలబడి సాక్ష్యం చెప్తానండి," అని అందరి ముందూ మాటిచ్చారు. ఆ వారంలోనే మావయ్యగారు పోయారు.

నెల తర్వాత ఆవిడ మళ్ళీ చర్చికి బయల్దేరారు. నాకు ఒకటే దడ. సాక్ష్యాల వేళ తల దించుకుంటే నేను చూడలేను. లేచి చిలకపలుకులు పలికితే అసలే భరించలేను.

లేచారు. పాస్టరుగారే తల దించుకున్నారు. అత్తయ్యగారు ముసుగు సర్దుకుని, "సాక్ష్యం చెప్తానని మాటిచ్చానండి. నేనడిగింది దేవుడివ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు తెలీదు. నాకు చాలా కోపంగా ఉంది. ఆ కోపం కూడా రోజూ పొద్దున్నే ఆయనకే చెప్తున్నాను. ఇంకెవరికి చెప్పుకోనండీ?" అన్నారు.

ఎవరూ స్తోత్రం అనలేదు. ఒక మనిషిని చూసి అంత గర్వపడటం నాకు అదే మొదలు. మేలు జరిగితే పొగడటం ఎవరికైనా చేతనవుతుంది. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు అందరి ఎదుటా ఆ మాట చెప్పి, ఆ దేవుడి గుమ్మంలోనే నిలబడటానికి ఎంత గుండె ఉండాలి!

వెనక చాప మీద నుంచి ఒక ముసలావిడ లేచారు. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. "మా పిల్లాడు కూడా బతకలేదండి," అని కూర్చున్నారు.

అత్తయ్యగారు ఇంకా నిలబడే ఉన్నారు. ఎలా లేచానో తెలియదు, నేనూ లేచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చెప్పవే," అన్నారు.

"పదేళ్ళు అడిగానండి," అన్నాను.