వ్యాసాలను అడిగి తెప్పించిన మనిషి

మా లైబ్రరీ అయ్య కన్నుమూసి ఇంకా నెల తిరగలేదు. ఆయన అంత్యక్రియలకు తిరువళ్ళూరు వెళ్ళి, సంతాప సభకూ ఉండి తిరిగి వచ్చేసరికి, నా గురించిన ఒక మాట నాకంటే ముందే తిరుత్తణి చేరి కూర్చుంది. ఆయన ఏళ్ళ తరబడి తెలుగులో రాసుకున్న వ్యాసాల పట్టిక పుస్తకాన్ని నేను పాత కాగితాల అంగడికి వేయించానట. అది అబద్ధం. నేను ఇది రాస్తున్న బల్ల మీదే ఆ పుస్తకం ఉంది. సభలో నేనన్నది వేరు: "ఈ పుస్తకం ఇలాగే ఉంటే ఎవరికీ పనికిరాదు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. ఎందుకన్నానో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి. ఆయన గురించి విసుక్కోకుండా చెప్పడం నాకు చేతకాదు.

కళాశాలలో గణితం చెప్పి విరమించిన కొన్నేళ్ళకు నాకు వినికిడి తగ్గింది. చెవి మిషను కొన్నాను. కరెంటు రైలెక్కితే అది చక్రాల మోతనూ, పల్లీలమ్మేవాడి కేకనూ, పక్కావిడ ఫోనునూ, నాతో మాట్లాడుతున్న మనిషి గొంతునూ ఒకే మోతాదులో చెవిలో పోసేది. అమ్మినవాణ్ణి అడిగితే, నన్ను తమిళంలో అవ్వను చేసి, "అలవాటైపోతుంది పాట్టీ" అన్నాడు. గణితం చదివిన మనిషికి చెప్పవలసిన జవాబు అది కాదు. గోలలోంచి కావలసిన శబ్దాన్ని లెక్కలతో వేరుచేసే శాస్త్రం ఒకటుంది. సిగ్నల్ ప్రాసెసింగ్ అంటారు. దాని సంగతేమిటో నేనే తేల్చుకుందామని ఇంటర్నెట్లో వెతికితే, ఒక సాంకేతిక పత్రికలో సరిగ్గా నా సమస్య మీదే వ్యాసం కనబడింది. పేరూ, మొదటి పది వాక్యాలూ ఎవరైనా చదవవచ్చు. ఆ తరువాత తాళం. కింద వేసిన వెల చూసి ఏడాది చందా అనుకున్నాను. కాదు, ఆ ఒక్క వ్యాసానికే! రాసిన ఆచార్యుడికి అందులో పైసా ముట్టదట. తప్పొప్పులు చూసిపెట్టిన పండితులకూ ముట్టదట. మరి ఎవరి కోసం ఆ తాళం? ఇప్పటికీ ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు.

తిరువళ్ళూరు బయట ఒక ఇంజనీరింగు కళాశాల ఉంటే, అక్కడైనా దొరుకుతుందని వెళ్ళాను.

"బయటోళ్ళను లోపలికి విడిచేదానికి లేదమ్మా" అన్నాడు కాపలాదారు.

నా గొంతు కాస్త పెద్దది. ఆ గొడవకు గ్రంథాలయం నుంచి ఒకాయన బయటికి వచ్చారు. సన్నగా, చొక్కా జేబులో రెండు కలాలతో ఉన్నారు. నాకంటే చిన్నవారే. ఆయనే మా లైబ్రరీ అయ్య.

"యాడనుంచి వచ్చినావక్కా? లోపలికి రా, ఎండగా ఉండాది."

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నా కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. "ఈ పత్రిక మాకూ రాదక్కా. అచ్చుది నిలిపేసినారు. కంప్యూటర్లో చదివేదానికి కొన్న పత్రికల కట్టలో ఇది లేదు."

"అయితే మీ పిల్లలు ఏం చదువుతారయ్యా?"

"మొదటి పది లైన్లు" అన్నారు, నవ్వకుండా.

నేను లేవబోయాను. "ఉండక్కా. రాసినాయన ఉండాడు గదా, ఆయన్నే అడుగుదాం" అని కాగితం నా ముందుకు జరిపారు.

ముక్కూ మొహం తెలియని విదేశీ ఆచార్యుణ్ణి అడగడమా! మనసొప్పకపోయినా ఇంగ్లీషులో రాశాను. చివర "ఇది యాచన కాదని గ్రహించగలరు" అని ఒక వాక్యం చేర్చాను. ఆయన చదివి ఆ వాక్యాన్ని కొట్టేశారు.

"అది చెప్తేనే అడుక్కున్నట్లు ఉంటాదక్కా."

మూడు వారాలకు జవాబు వచ్చింది. అడిగిన వ్యాసం, అడగని మరో రెండు వ్యాసాలు, పైగా కృతజ్ఞతలు. "ఇంతవరకూ ఎవురూ అడగలేదంట, పాపం" అని మా అయ్య ఆ ఆచార్యుడి మీద జాలిపడ్డారు.

ఆ తరువాత ఆయన ఇదే పనిగా పెట్టుకున్నారు. వ్యాసాన్ని రచయిత తన సొంత పేజీలో ఉచితంగా పెట్టారేమో ముందు చూసేవారు. చాలామంది పెడతారని మాకప్పుడే తెలిసింది. లేకపోతే ఉత్తరం. దొంగదారిలో దింపుకున్నామని చెప్పే పిల్లలను కోప్పడేవారు కాదు, పక్కన కూర్చోబెట్టి ఉత్తరం రాయించేవారు. జవాబు రాగానే ధన్యవాదాలు రాసేదాకా వ్యాసం చేతికిచ్చేవారు కాదు. అచ్చు తీసిన పుటలకు పిన్ను కొడితే తుప్పు పడుతుందని సూదీ దారంతో కుట్టేవారు. ఉద్యోగ విరమణ తరువాత వీరరాఘవస్వామి గుడి వెనక వీధిలో, తన ఇంటి ముందు గదిలో రెండు ఇనప బీరువాలు పెట్టి, ఆదివారాలు తలుపు తెరిచేవారు. చుట్టుపక్కల కళాశాలల పిల్లలు వచ్చేవారు. ప్రతి ఆదివారం నేనూ వెళ్ళేదాన్ని.

ఆయన చదివింది చరిత్ర. ఒక్క సమీకరణం తెలియదు. అందుకని ప్రతి వ్యాసం సారాంశం నా చేత చెప్పించుకుని, తనకు అర్థమైనట్టు దానికొక తెలుగు పేరు పెట్టి, అంకె వేసి, పట్టికలో ఎక్కించేవారు. గోలలో గొంతు. గుండె చప్పుడులో తేడా. మోటారు మూలుగు. నలభై పుటల వ్యాసానికి రెండు మాటల పేరు పెట్టి, అదీ నేను చెప్పిన దానికంటే సరిగ్గా పెట్టి, నా ముఖం చూసేవారు. నేను మెచ్చుకునేదాన్ని కాదు. మెచ్చుకుని ఉండవలసింది.

పేర్లు బాగుండటం వేరు, పిల్లలకు పనికిరావడం వేరు. ఆ పేర్ల మీద మేము పోట్లాడుకోని ఆదివారం లేదు.

"ఈ పిలకాయలకు తెలుగు చదవను రాదు గదయ్యా! తమిళంలో రాయి, లేకపోతే ఇంగ్లీషులో రాయి."

"రాకపోతే నన్ను అడుగుతారక్కా. చెప్పేదానికే గదా నేనుండేది."

"నువ్వు లేకపోతే?"

"నువ్వుండావు గదా!"

ఇది జవాబా? డెబ్బై దాటిన మనిషి తనకంటే పెద్దదాన్ని చూపించి ధీమాగా కూర్చుంటే ఏమనాలి? కోపం వచ్చి ఆ వేళ మధ్యాహ్నం బండికే తిరుత్తణి వచ్చేశాను.

కిందటి నెలలో నాకు జ్వరం వచ్చి రెండు ఆదివారాలు వెళ్ళలేదు. అప్పటికే ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన భార్య మాత్రం గది తలుపు తెరిచి ఉంచింది. తిరువాలంగాడు నుంచి ఒక అమ్మాయి ఆ రెండు వారాలూ వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళింది. బోరుబావి మోటారు కాలిపోకముందే దాని శబ్దాన్ని బట్టి పసిగట్టే పరికరం మీద ఎం.ఈ. ప్రాజెక్టు చేస్తోంది. ఆయన పోయిన తరువాత, ఆ ఇంట్లోనే జరిగిన సంతాప సభ రోజున ఆ బీరువా ముందు నాకు కనబడింది. కట్టల వీపున అంకెలు తప్ప ఏమీ లేవు. పట్టిక ఆమె చేతిలో తలకిందులుగా ఉంది.

"అవ్వా, నాకు తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. ఈ నెలాఖరుకు ప్రాజెక్టు ఇచ్చేయాల."

పుస్తకం తిప్పి పట్టుకుని పైకి చదువుతూ పోయాను. 'మోటారు మూలుగు' దగ్గర ఆమె ఫక్కున నవ్వింది. "మా నాయనా అట్లే అంటాడవ్వా! మోటారు మూలగతా ఉండాది, పోయి చూడుపో అంటాడు."

కట్ట తీసిచ్చాను. నిలబడే చదవడం మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. ఏ తాళం మీద నేను ఇన్నేళ్ళు మండిపడ్డానో, అలాంటిదే అయ్యా నేనూ కలిసి ఆ గదిలో వేశాం.

సరిగ్గా అప్పుడు మన తెలుగు సంఘం కార్యదర్శి వచ్చి అన్నారు: "మేడమ్, ఈ పట్టిక మన భాషకు ఆస్తి. అట్లే అచ్చేయించి, అసలుది సంఘం బీరువాలో భద్రంగా పెడదాం."

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే మేడమ్!"

అప్పుడే సభలో అందరి ముందూ, ఇలాగే ఉంటే ఎవరికీ పనికిరాదన్న ఆ మాట అన్నాను. దీన్ని తమిళంలో తిరగరాయాలని కూడా అన్నాను. కార్యదర్శి ముఖం చిన్నబోయింది. "అయ్య ఆత్మ నొచ్చుకుంటాది మేడమ్."

"ఆయనకు జవాబు నేను చెప్పుకుంటాను. ఈ అమ్మాయికి మీరు చెప్పండి."

కార్యవర్గం కూర్చుని ఆలోచిస్తుందన్నారు. అంతవరకు ఆగమన్నారు. నేను ఆగలేదు, అయ్య భార్యను అడిగి పట్టికను నా వెంట తెచ్చుకున్నాను. ఈ వయసులో నీకెందుకు ఈ తగాదా అని మా మేనల్లుడు ఫోనులో నాలుగుసార్లు అడిగాడు. తెలుగువారి కోసం వచ్చే ఈ సంచికలోనే తెలుగు పట్టికను తమిళంలోకి మారుస్తున్నానని రాయడం నాకూ సంతోషంగా లేదు. అయ్య పెట్టిన పేర్లలో కొన్నిటికి తమిళంలో సాటి రావడం లేదు. 'గోలలో గొంతు' దగ్గర ఒక పూటంతా ఆగిపోయాను. అయినా సగం దాటాను. ప్రతి పేరు పక్కన వ్యాసం ఇంగ్లీషు పేరూ, అంకెనూ వేస్తున్నాను. చివరి పుటల్లో, రచయితను ఎలా అడగాలో తెలిపే నమూనా ఉత్తరం రాశాను.

మీ సమ్మతి కోరుతూ ఇది రాయడం లేదు. పట్టికను పూర్తి చేసి వచ్చే ఆదివారం ఉదయం బండికి తీసుకెళ్ళి, ఆయన గదిలో బల్ల మీద తెరిచి పెడతాను. నేను లేకుండా పిల్లలు వెతుక్కోగలరో లేదో తేలాలి గదా, ఆ పక్క ఆదివారం నేను కావాలనే వెళ్ళను.