మగ్గం మీది ఎర్రగుడ్డ

మా పెద్దనాయన పోయి పదిహేను రోజులైంది. గద్వాలలో నలభై ఏళ్లకు పైగా మగ్గం నేసిన మనిషి. నాకు నేత నేర్పింది ఆయనే. క్యాన్సరని తెలిసిన నాలుగు నెలలకే పోయాడు.

మా చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగు చేత్తో అతకాలి. నేను తొందరపడితే, "ఏందిరా, బస్సు పోతున్నదా? జర నిమ్మలంగ అతుకు. కట్టుకునే ఆమెకు నువ్వెవరో తెల్వదు, పోగు ఊడితే మాత్రం తెలుస్తది" అనేవాడు. రంగులైతే ఆయన వాకిట్లో ఎండకు పట్టి చూస్తేనే ఖాయం.

నిరుడు మగ్గం గుంట అంచున తాను కూర్చునేచోట తెల్లగుడ్డ తీసేసి, ముదురు ఎర్రగుడ్డ పరుచుకున్నాడు. "ఈ వయసులో సోకులేంది పెద్దనాయనా?" అని ఆటపట్టించాను. నవ్వి ఊరుకున్నాడు. కింద నుంచి నెత్తురు పడుతోందని, అది కనపడకూడదనే ఆ రంగు ఎంచుకున్నాడని నాకు తట్టలేదు. అంచులో ఒక్క పోగు రంగు మారినా పట్టుకోవడం నేర్పిన మనిషిని నేను సరిగ్గా చూడలేదు. ఆ బాధ నన్ను వదలడం లేదు.

దినమంతా కూర్చునేవాళ్లకు మొలలు మామూలేనని మా వీధిలో అనుకుంటారు. బయటికి ఎవరూ చెప్పరు. ఆయనా అవే అనుకుని పసరు మందు తాగుతూ గడిపాడు. మనిషి చిక్కిపోయి, వెన్నునొప్పితో మగ్గం దిగలేని రోజున గానీ నోరు విప్పలేదు. మహబూబ్‌నగర్‌లో గొట్టం వేసి చూశారు, స్కాన్ తీశారు, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

"పెద్దపేగులో మొదలై కాలేయానికి పాకింది" అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

"మొలలు కాదామ్మా?" అని పెద్దనాయన రెండుసార్లు అడిగాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకున్నాడు. "సిగ్గుతోని పానం మీదికి తెచ్చుకున్న, బిడ్డా. మనోళ్లకు చెప్పు. దాచుకోవద్దని చెప్పు."

దినాలు అయిన మర్నాడు పక్కింటి కాక వచ్చాడు. ఆయనా నేతగాడే, పెద్దనాయనకు చిన్ననాటి దోస్తు. సగం నేసిన చీర ముందు నిలబడితే, ఎర్రగుడ్డ చూపించి ఉన్న సంగతి చెప్పాను. ఆయన వంగి ఆ గుడ్డను వేళ్లతో తడిమాడు.

"నా మగ్గం మీద గూడ గిట్లాంటిదే ఉన్నది" అన్నాడు.

అప్పుడే కాకను వెనక ఎక్కించుకుని బండి తీశాను. దవాఖాన దాకా ఆయన నా భుజం పట్టుకున్న చెయ్యి వదల్లేదు.